హిప్పర్గా చెరువు కట్ట మీద ఒక ఆదివారం

ఈ సంక్రాంతికి పుణె నుంచి సోలాపూర్ పోయినప్పుడు పిల్లలు "బీచ్‌కి పోదాం" అని పట్టుబట్టారు. సోలాపూర్‌లో బీచ్ ఎక్కడుంటది? గడ్డా యాత్ర చూపించాం, సిద్ధేశ్వర్ చెరువు నడుమ గుడి చూపించాం. ఆ చెరువు తవ్వించాడని చెప్పుకునే సిద్ధరాముడి గురించి మేం అన్నదమ్ములం చిన్నప్పుడే చదువుకున్నాం. ఇండిలో అమ్మమ్మ ఇంట్లో ఉండి కన్నడ బడికి పోయేవాళ్లం. (తెలుగు అక్షరాలు పెద్దయ్యాక మేమే కూడబలుక్కున్నవి, తప్పులుంటే మన్నించండి.) పాఠంలో ఆయన ఊరు సొన్నలిగె అని ఉండేది. అది మా నాయన సాంచాలు నడిపే ఊరేనని చాన్నాళ్లు తెలియనే లేదు!

పిల్లలకి గుడి చాల్లేదు, నీళ్లలో కాళ్లు పెట్టాలట. ఆదివారం పొద్దున తుళజాపూర్ రోడ్డు పట్టి హిప్పర్గా చెరువుకి బయల్దేరాం. కాగితాల్లో దాని పేరు ఎక్రుఖ్. అదిలా వాగుకి అడ్డంగా ఇంగ్లీషోళ్లు 1866లో కట్ట మొదలుపెట్టి 1871కి పూర్తిచేశారు. కరీంనగర్ వైపు నుంచి మా ముత్తాత ఈ ఊరి కార్ఖానాలకి వచ్చేనాటికే ఆ నీళ్లు అక్కడున్నాయి.

అసలు కష్టమంతా నాయనని కదిలించడమే. పీసు లెక్కన కూలి చేసే మనిషికి సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. చిన్నప్పుడు సెలవులకి ఇంటికొస్తే మమ్మల్ని ఎక్కడికీ తీసుకపోడని అలిగేవాళ్లం. ఇప్పుడు సాంచా దిగి రెండేళ్లయినా "నేనెందుకురా, మీరు పోయి రాండ్రి" అన్నాడు. మనవరాలు చెయ్యి పట్టి లాగితే లేచాడు.

అక్కడ ఇసుక లేదు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట నల్లమట్టి ఒడ్డే పిల్లలకి బీచ్, కట్ట మీద బాటే ట్రెయిల్. అవ్వ కట్టిచ్చిన కడక్ రొట్టెలు, శేంగా చట్నీ, పెరుగు అక్కడే కూర్చుని తిన్నాం. అంత రుచి ఇంట్లో రాదెందుకో!

నీళ్ల మీద బాతులు గుంపుగా దిగాయి. ఒకటే అరుపులు. పాప గుసగుసగా "తాతా, విను" అంది. నాయన దాని మూతి వైపు చూసి నవ్వాడు. "ఏవి?" అన్నాడు గట్టిగా. బాతులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అప్పుడు చూశాడు వాటిని.

మేమిద్దరం మొగుడూ పెళ్లాలం సాఫ్ట్‌వేర్ టెస్టర్లం. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పు పట్టడమే మా కూడు. నాయన ఫోన్లో అడిగిందొకటైతే చెప్పేదొకటి, "ఆఁ, బాగున్న" అని పెట్టేయడం, పెద్దాయనకి మాటలు తక్కువనుకున్నాం. నలభై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడ్డ చెవుల సంగతి ఒక్కరోజూ తట్టలేదు.

"ఎప్పట్నించి నాయనా?" అని మొహానికి మొహం పెట్టి అడిగితే, "కార్ఖానాల అందరికీ అంతేరా, మూతి జూసి తెల్సుకుంటం" అన్నాడు, అదేదో పనిలో భాగమన్నట్టు. పైగా పాపకి నేర్పించాడు: బొటనవేలు నోటి దగ్గరికి తెస్తే చాయ్, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగింది, అరచెయ్యి బోర్లిస్తే సాంచా ఆపు. కట్ట ఆ చివర నాయన, ఈ చివర పాప నిలబడి చాలాసేపు ఆడుకున్నారు. మాకు మధ్యలో కొన్నే అర్థమయ్యాయి.

చెవుల డాక్టరంటే ముందు ఒప్పుకోలేదు. "ఇంక వినేదేముంది" అన్నాడు. అవ్వకి కోపమొచ్చింది: "నేను ముప్పై ఏళ్ల నుంచి ఒర్లుతున్న, నీకు వినబడేటట్టు. నా గొంతుకైనా ఆరాం ఇయ్యవా?"

సోమవారం మేం పుణె తిరిగి పోవాల్సింది. ఒక రోజు సెలవు పెట్టాం. డాక్టర్ గది బయట బెంచీ మీద కూర్చుని నాయన మా వైపు చూసి బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. పాపే ముందు లేచి చాయ్ తేవడానికి పోయింది.