తెరచాప పడవకు మర రెక్కలు

ఇరవై రెండేళ్లు జమ్మలమడుగులో తెలుగు చెప్పి, ప్రొద్దుటూరులో స్థిరపడిన నావంటివాడు పడవను గూర్చి వ్రాయబూనడం సాహసమే. పెన్న మాకు నీటికన్న ఇసుకనే ఎక్కువగా చూపిన నది. అయినా సంగతి నా శిష్యునిది గనుక వ్రాస్తున్నాను.

అతనిది పులివెందుల ప్రాంతం. సిడ్నీలో ఉద్యోగం చేస్తూ ముప్పై అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. మొన్న సంక్రాంతికి తండ్రితో కూడా వచ్చి నన్ను గండికోటకు తీసుకుపోయాడు. లోయలో నిలిచిన నీటిని చూస్తూ తన కథ చెప్పాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. పోటు పడవను రాళ్లవైపు నెడుతోంది. భార్య, ఆరేళ్ల పాప పడవలోనే ఉన్నారు. సాయపు ఇంజను నల్లపొగ చిమ్మిందే గాని పుంజుకోలేదు. నిమిషానికి 3600 చుట్లు తిరగవలసినది 2700 దాటలేదు. వేరొక పడవవారు తాడు విసిరి లాగబట్టి గండం గడిచింది.

దోషం ఇంజనుది కాదట, నీటి అడుగున తిరిగే రెక్కలది. మరమేకు ఒక చుట్టుకు కొయ్యలో ఎంత దిగుతుందో, రెక్కలు ఒక చుట్టుకు నీటిలో అంత సాగాలని ఒక లెక్క. దానిని పిచ్ అంటారు. తెలుగు మాట కట్టబోయి, శిష్యుని ముఖం చూసి విరమించుకున్నాను. పిచ్ మితిమీరితే ఇంజను ఆ బరువు త్రిప్పలేదు. మరీ తగ్గితే ఊరక గింగిరాలు కొడుతుంది. 1837లో లండను పాడింగ్టన్ కాలువలో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ పడవకు బిగించిన రెండు చుట్ల కొయ్యమర సగం విరిగిపోగా, పడవ మునుపటికన్న వడిగా పోయిందట!

"మన బోరు కథే గదరా" అన్నాడు తండ్రి. నీళ్లు అడుగంటిన ఏడు ఆయన పాత మోటారుకే ఎక్కువ స్టేజీల పంపు బిగించాడు. స్టేజీలు పెరిగితే నీరు పైకెక్కుతుంది నిజమే, మోటారుపై బరువూ పెరుగుతుంది. నెల తిరగకముందే అది కాలిపోయింది. చీనీచెట్లు ఎండిపోయాయి. పిల్లవాని హాస్టలు ఖర్చుకు తల్లి కమ్మలు ప్రొద్దుటూరు అంగడికి వచ్చిన సంగతి నాకు నాడే తెలుసు.

ఇప్పుడు ఏ రెక్కలు కొనాలన్నది ప్రశ్న. కదలని మూడు రెక్కలది చవక, ముందుకూ వెనుకకూ పట్టు గట్టిది. కాని తెరచాప ఎత్తినప్పుడు నీటిలో అడ్డుపడి వేగం చంపుతుంది. మడుచుకునే రెక్కలు మొగ్గవలె ముడుచుకొని అడ్డు తొలగుతాయి. వెనుకకు లాగి పడవను ఆపడంలో మాత్రం పట్టు తక్కువ; కీళ్లలో గుల్లలు పేరుకుంటే సరిగా విచ్చుకోవు. నీటివాలుకు అంచు త్రిప్పుకొని నిలిచే రకం మరొకటుంది, దాని వెల వింటే గుండె ఆగుతుంది. పందాలకు పోయే మిత్రులు మడుచుకునేదే కొనమన్నారట. శిష్యునికీ వేగమంటేనే మోజు.

"ఇంజను ప్రాణావసరంగా కావలసింది ఎన్నిసార్లు?" అని అడిగాను.

"ఏడాదికి ఒకసారి వస్తే ఎక్కువ సార్."

తండ్రి నీటివైపే చూస్తూ, "ఆ ఒక్కసారి పాప పడవలో ఉంటే?" అన్నాడు.

గతనెల శిష్యుని జాబు వచ్చింది. పిచ్ తగ్గించిన మూడు రెక్కలది బిగించాడు. ఇంజను 3500 అందుకుంటోంది. పందాలలో అందరికన్న వెనుక వస్తున్నాడట. జతచేసిన ఫొటోలో పాప చుక్కాని పట్టుకొని ఉంది.