లెక్కలోకి రాని మాత్ర

మన ఇళ్లలో బీపీ మాత్రలకీ, షుగర్ మాత్రలకీ ఒక డబ్బా ఉంటుంది. నొప్పి మాత్రకి ఉండదు. అది పోపులపెట్టె పక్కనో, వంటింటి కిటికీలోనో, ఆఫీసుకి తీసుకెళ్లే చేతిసంచిలోనో ఉంటుంది. కూలికెళ్లే ఆమెకైతే కొంగుముడిలో ఉంటుంది. మందులుండే చోట కాక పనిచేసే చోట ఉంటుందన్నమాట. అది మన ఒంటికోసం కన్నా మన పనికోసమే ఎక్కువ ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

2015లో మా అమ్మకి కాళ్లు వాచాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.3 వచ్చింది. కిడ్నీ డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే "బీపీ బిళ్లలేనండీ" అంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. మోకాళ్ల నొప్పులకి పన్నెండేళ్లుగా దాదాపు రోజూ వేసుకుంటున్న డైక్లోఫెనాక్ ఆమె లెక్కలో మందు కాదు, పొద్దున్నే తాగే కాఫీ లాంటిది. అది పడితేనే పొయ్యి దగ్గర నిలబడగలదు, గేదెల పేడ తీయగలదు, పాలకేంద్రానికి నడవగలదు. "మరి నొప్పులకేం వేసుకోరా?" అని ఆయన రెండోసారి అడిగాడు కాబట్టి బయటపడింది. "అదా! అది మామూలే కదండీ" అంది.

ఆ మామూలు సంగతేమిటో తెలుసుకోవాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, మెఫెనామిక్ యాసిడ్, ఆస్పిరిన్ ఇవన్నీ ఒకే కుటుంబం. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారు కాకుండా ఇవి అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ చేసే పని ఇదేనని 1971లో చూపించినందుకు జాన్ వేన్‌కి 1982లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. నొప్పినీ, వాపునీ పెంచేవి ఆ పదార్థాలే. పొట్ట లోపలి పొరని యాసిడ్ నుంచి కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవీ కూడా అవే. మింగిన మాత్రకి మోకాలేదో, కిడ్నీ ఏదో తేడా తెలీదు. బీపీకి ఇచ్చే కొన్ని రకాల మాత్రలూ, నీరు తీసే మాత్రా వాడుతున్నవాళ్లు దీన్ని కూడా కలిపితే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. అమ్మ బీపీకి వాడేవి సరిగ్గా ఆ రెండు రకాలే.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా ఊళ్లో మిరపకోతలకెళ్లే ఆడవాళ్లు గుర్తొచ్చారు. చేలో చాటుకెళ్లే చోటు ఉండదని వాళ్లు పొద్దుట్నించీ నీళ్లు తాగరు. ఎండలో వంగి వంగి నడుం పట్టేస్తే మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక బిళ్ల వేసుకుంటారు. నీళ్లు లేని ఒంట్లో ఆ బిళ్ల ఏం చేస్తుందో ఏ మేస్త్రీ చెప్పడు. మరుగుదొడ్డి లేకపోవడానికీ, కిడ్నీకీ మధ్య ఇంత దగ్గర దారి ఉందని మనం కూడా మాట్లాడుకున్నది తక్కువే.

ఈ కుటుంబంలో చాలావాటిని డాక్టరు చీటీ మీదే అమ్మాలి. డైక్లోఫెనాక్, నిమెసులైడ్, మెఫెనామిక్ యాసిడ్ మూడూ షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. మందుల షాపులో మాత్రం అవి చాక్లెట్ల కన్నా తేలిగ్గా దొరుకుతాయి. 12 ఏళ్లలోపు పిల్లలకి నిమెసులైడ్ ఇవ్వకూడదని మన దేశంలో నిషేధం పెట్టింది 2011లో. ఇదే రకానికి చెందిన రోఫెకాక్సిబ్‌ని గుండెపోటు ప్రమాదం వల్ల 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటిదాకా అది కూడా మామూలు మాత్రే.

ఇది మన దగ్గరే పుట్టిన కథ కాదు. ఆస్ట్రేలియాలో 1950, 60లలో బెక్స్ అనే నొప్పి పొడి పొట్లాలు ఇంటింటా ఉండేవి. అందులో ఆస్పిరిన్, ఫెనాసెటిన్, కెఫీన్ కలిసి ఉండేవి. విసిగిపోయిన గృహిణికి ఒక కప్పు టీ, ఒక బెక్స్ పొట్లం, కాసేపు నడుం వాల్చడం చాలునని ప్రచారం. ఆ మూడింటిలో నడుం వాల్చడం ఎంతమందికి దొరికిందో మనం ఊహించుకోవచ్చు. టీ, పొట్లం మాత్రం దొరికాయి. కెఫీన్ వల్ల కాస్త హుషారొచ్చేది, అది దిగాక తలనొప్పొచ్చేది, దానికి మళ్లీ ఇంకో పొట్లం. కిడ్నీలు పాడైన ఆడవాళ్లు ఆస్పత్రులకి రావడం మొదలైంది. మెల్‌బోర్న్‌లో ప్రిసిల్లా కిన్‌కెయిడ్-స్మిత్ అనే డాక్టరు ఆ జబ్బుకీ, ఈ పొట్లాలకీ ఉన్న సంబంధాన్ని గట్టిగా చెప్పి, అమ్మకాల మీద ఆంక్షల కోసం పోరాడింది. పెళ్లయిన ఆడదన్న కారణంతో ఉద్యోగం దొరక్క ఇబ్బంది పడ్డ మనిషే ఆమె. 1970ల చివరికి ఆంక్షలొచ్చాయి, ఆ రకం కిడ్నీ జబ్బు తగ్గుతూ వచ్చింది.

మన పక్క రాష్ట్రం సంగతి ఇంకా దగ్గరిది. తమిళనాడు బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే సుమారు వందమంది ఆడవాళ్లతో మాట్లాడి థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ 2019లో ఒక కథనం ఇచ్చింది. నెలసరి నొప్పని చెబితే సూపర్‌వైజర్లు సెలవివ్వకుండా పేరు కూడా లేని మాత్రలు చేతిలో పెట్టేవారట. కుట్టుమిషన్ ఆగకుండా ఉండటానికి నూనె వేసినట్టు మనిషి ఆగకుండా ఉండటానికి మాత్ర. ఇళ్లలో మనకి మనమే సూపర్‌వైజర్లం కాబట్టి ఇది కనిపించదు.

అయితే మాత్రలు మానేసి ఓర్చుకోండి అనడానికి నేనిది రాయడం లేదు. ఆ మాట మనకి తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. నెలసరి నొప్పి నిజం. గర్భాశయాన్ని మెలిపెట్టేది ప్రోస్టాగ్లాండిన్లే కాబట్టి ఈ మాత్రలు దానికి బాగా పనిచేస్తాయి కూడా. రెండు రోజులు మాత్ర వేసుకుని పరీక్ష రాసే అమ్మాయికి ఆ హక్కుంది. మెఫెనామిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది. జ్వరం, దద్దుర్లు కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికెళ్లాలని ఆ అమ్మాయికి తెలియాలి. నెలనెలా మాత్రకి లొంగని నొప్పి వస్తుంటే అది ఎండోమెట్రియోసిస్ కావచ్చని కూడా తెలియాలి. "పెళ్లయితే అదే పోతుంది" అనే మాట వైద్యం కాదు.

అమ్మ డైక్లోఫెనాక్ ఆపేసింది. క్రియాటినిన్ కొంచెం దిగి అక్కడే నిలబడింది. నొప్పి మాత్రం పోలేదు. మాత్ర లేకుండా గేదెల పని చేయలేక రెండు గేదెల్నీ అమ్మేయాల్సొచ్చింది. ఇంట్లో అందరూ "హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నారు. పాలడబ్బులు ఒక్కటే ఆమె ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టుకునే సొమ్మని ఎవరికీ తట్టలేదు. నాలుగు రోజులు అమ్మ సరిగా అన్నం తినలేదు. ఒక మాత్రని ఆపడమంటే దాని మీద నిలబడ్డ బతుకంతా కదలడమని అప్పుడర్థమైంది. "డాక్టరు సలహా లేకుండా వాడరాదు" అని పట్టీ మీద రాసేవాళ్లకి ఈ గేదెలు కనిపించవు.

ఇక రాసుకునే, చదువు చెప్పుకునే మన సంగతి. రాత్రి పేపర్లు దిద్దడం, తెల్లారి వంట, మధ్యలో ఒక వ్యాసం. తలనొప్పికి ఒక బిళ్ల. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిసినవైతే 10 రోజులు, అలా మూడు నెలలకి మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. పారాసెటమాల్ కిడ్నీకి కాస్త నయమే. కానీ పెద్దవాళ్లు రోజుకి 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. జలుబు మాత్రలో కూడా అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్కపెట్టుకోవాలి. గర్భిణులు డైక్లోఫెనాక్ రకం మాత్రల జోలికి డాక్టరుని అడక్కుండా వెళ్లకూడదు. ముఖ్యంగా 20 వారాల తర్వాత బిడ్డ కిడ్నీలకి ప్రమాదం.

ఈ లెక్కలు మనం నేర్చుకోవాలి, పనిమనిషికీ, పిన్నికీ, విద్యార్థినికీ చెప్పాలి. వాటితో పాటు ఇంకో లెక్క కూడా రాసుకుందాం. ఈ నెల ఎన్ని మాత్రలు వేసుకున్నాం, ఒక్కో మాత్ర ఏ పనికోసం వేసుకున్నాం, ఆ పని ఇంట్లో ఇంకెవరు చేయగలిగి ఉండేవాళ్లు? మూడో గడిలో రాసే పేర్లని ఇంట్లో పైకి చదవడం కష్టమే. అయినా చదవాలి.