కాగితం మీద లేని పేరు

మా బ్యాండ్‌కి పేరు తెచ్చిన పాటలో జనం గుర్తుపెట్టుకున్న మలుపు నాది కాదు. ఒప్పందంలో మాత్రం రచన, బాణీ రెండూ నా పేరునే ఉన్నాయి. అలా రాసిచ్చింది నేనే.

మాది రాయ్‌పూర్‌లో డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీ. నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే వ్యాగన్ షాపులో చేరారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. స్నేహితులం కలిసి బ్యాండ్ పెట్టి, దదరియాని గిటార్ మీద పాడాలనుకున్నాం. పొలాల్లో ఆడా మగా మాటకు మాట అందిస్తూ పాడుకునే పాట అది. మాకు మాటలు దొరికాయి గానీ నడక చిక్కలేదు. పండగలకి మాందర్ అనే డోలు వాయించే ఒక పెద్దాయన్ని రిహార్సల్‌కి పిలిచాం. అందరం కాకా అనేవాళ్లం.

కాసేపు విని డ్రమ్స్ ఆపమన్నారు. మాందర్ మెడకి తగిలించుకుని, పెద్ద మూతి మీద అరచేత్తో మెల్లగా ఒత్తుతూ, చిన్న మూతిని వేళ్లతో అందుకుంటూ, చరణం పల్లవిలోకి తిరిగే చోట గొంతుని కొంచెం జార్చారు. "ఇక్కడ తొందరపడకండి, అవతలి మనిషి జవాబు వినాలి కదా" అన్నారు. పాట అప్పుడు పాటైంది. తర్వాత కాలేజీ పిల్లలు కూనిరాగం తీసింది ఆ జారునే.

వీడియో జనంలోకి వెళ్లింది, ముంబయి నుంచి ఒక కంపెనీ పిలిచింది. మా కాళ్లు నేల మీద నిలవలేదు. ఫారంలో రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు అని రెండు గడులుంటే రెండింటిలోనూ నా పేరే రాశాను. కాకా బ్యాండ్ మనిషి కాదు, జానపదం ఎవరి సొత్తూ కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ ఊళ్లో పెరిగినవాడు చెప్పుకోదగ్గ మాట కాదది. 2009లో 'ఢిల్లీ-6' సినిమాలో 'గేందా ఫూల్' దేశమంతా మోగినప్పుడు, ఇది మన జోషి సిస్టర్స్ పాడిన పాట కదా అని ఇక్కడివాళ్లు నొచ్చుకోవడం చెవులారా విన్నవాణ్ణి.

2020లో అదే పేరుతో బాద్‌షా వేరే పాట వచ్చింది. అందులోని బెంగాలీ జానపదం రాసిన రతన్ కహార్ పేరు వెయ్యలేదని గొడవైంది. తర్వాత బాద్‌షా ఆయనకి ఐదు లక్షలు పంపాడు. అది చదివాక గానీ మా ఒప్పందం బయటికి తియ్యలేదు. 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని ఉంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే హక్కు ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అందుకే ఆ రెండూ మరిచిపోకుండా రాయించుకుంటారు. 2012 సవరణ పుణ్యమా అని, రచయితా స్వరకర్తా తమ రాయల్టీ వాటా వదులుకుంటామని రాసిచ్చినా చెల్లదు. మంచి చట్టమే. కానీ ఆ డబ్బు వసూలు చేసి పంచే ఐ.పి.ఆర్.ఎస్. నమోదైన పేర్లకే పంచుతుంది. కాకా పేరు ఎక్కడుంది?

నాకొచ్చిన దాంట్లో సగం పట్టుకుని ఆయనింటికి వెళ్లాను. డబ్బు తీసుకున్నారు, మొహమాటపడలేదు. "మనవడికి ఫోన్లో పాట వినిపించాను. నీ పేరేది తాతా అన్నాడు. ఏం చెప్పమంటావు?" అని అడిగారు. నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు పాట కుదిరిన పూటే, ఎవరూ లేచి వెళ్లకముందే, ఎవరు ఏం చేశారో, ఎవరి వాటా ఎంతో నోట్‌బుక్‌లో రాసి అందరం సంతకాలు పెడుతున్నాం. బయటి నుంచి వచ్చి వాయించినవాళ్ల చేత కూడా పెట్టిస్తున్నాం. కొత్తగా బ్యాండ్ పెట్టే పిల్లలెవరైనా అడిగితే, మైకు కొనేముందు ఆ పుస్తకం కొనమంటున్నాను. పాత పాటకి కాకా పేరు చేర్చమని కంపెనీకి రాస్తే, పరిశీలిస్తున్నాం అనే జవాబే వస్తోంది.

కొత్త పాటకి కాకాని పిలిచాను. రానన్నారు. ముందు పాత పాట సంగతి తేల్చుకుని రమ్మన్నారు.