ముందే కట్టేసిన ట్రిప్పులు

హైదరాబాద్–బెంగళూరు వారం వారం తిరుగుతున్నావు కదా, విమాన ట్రిప్పుల ఏడాది ప్యాక్ ఒకేసారి కొనేద్దామని మా అకౌంట్స్ వాళ్లు మళ్లీ అడిగారు. రేట్లు పెరిగినా మనకు బాధ ఉండదు, నిజమే. కానీ పోయినసారి కొన్న ప్యాక్‌లో ఆరు ట్రిప్పులు మిగిలాయి. గడువు దాటిన మర్నాడు యాప్‌లో ఆ ‘6’ అలాగే కనబడింది, బుకింగ్ మాత్రం కాలేదు. చాలా బాధేసింది.

అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2023 మేలో గో ఫస్ట్. కంపెనీ దివాలా తీస్తే బ్యాంకుల తర్వాతే మన వంతు. ప్రయాణం చేసేదాకా మనం కట్టిన డబ్బు వాళ్లకు వడ్డీ లేని అప్పే కదండీ!

ఏడాదిది వద్దు, మూడు నెలలకైతే సరేనని ఇప్పుడే మెయిల్ పెట్టాను.