నోరున్న ఓడదొంగలు

దెప్పిపొడుపుకి సరైన జవాబు ఎప్పుడు తడుతుందో గమనించారా? అన్నావిడ వెళ్ళిపోయాక, వీధితలుపు గడియ పెట్టాక, వంటింట్లో గిన్నెలు సర్దుతుండగా తడుతుంది. అప్పుడు ఎవరితో అనాలి, గిన్నెలతోనా? పెళ్ళిలో వియ్యాలవారి వైపు పెద్దావిడ నవ్వుతూ విసిరిన మాటకి పన్నెండేళ్ళ తర్వాత కూడా మనసులో జవాబులు దిద్దుకుంటున్న వాళ్ళని నేనెరుగుదును. ఎక్కడో వెతకనక్కర్లేదు, అందులో నేనూ ఒకదాన్ని.

అలాంటి నాకు ఒక వీడియోగేమ్ నచ్చిందంటే, అదీ ఓడదొంగల కత్తియుద్ధాల గేమ్ అంటే, మా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయికి పాతకాలపు ఆటలంటే పిచ్చి. తన లాప్‌టాప్‌లో ఆడుతూంటే పక్కన కూర్చుని చూశాను. చూస్తూ చూస్తూ, ఏ ఆట ఏ ఆట దగ్గర ఏం నేర్చుకుందా అని వెతకడం మొదలెట్టాను. నవలలు రాసేదాన్ని కదా, ఎవరు ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నారో తెలుసుకోవాలన్న జబ్బు ఉండనే ఉంది!

ఈ వంశవృక్షంలో పెద్దతాతగారు 1987లో పుట్టాడు. పేరు ‘పైరేట్స్!’. రాసినాయన సిడ్ మైయర్. మైక్రోప్రోజ్ అనే అమెరికన్ కంపెనీది. అప్పటిదాకా ఆ కంపెనీకి పేరు తెచ్చినవి యుద్ధవిమానాల ఆటలు. మరి ఇందులో విమానాలు లేవు, కరీబియన్ సముద్రం మీద తెరచాప ఓడలున్నాయి. ముందు గాలివాటం చూసుకుని ఓడ తిప్పుకోవాలి. ఫిరంగులుండేది ఓడకి పక్కల కాబట్టి, శత్రువుకి మన పక్కభాగం ఎదురుపడేలా తిరగాలి. ఓడా ఓడా తగిలాక ఇక కెప్టెన్‌కీ కెప్టెన్‌కీ మధ్య కత్తియుద్ధం. మూడురకాల కత్తులుంటాయి. సన్నది దూరం అందుతుంది కాని దెబ్బ తేలిక. పొట్టిది బలంగా కోస్తుంది కాని దగ్గరికి వెళ్ళాలి. మూడోది రెంటికీ మధ్యస్థం.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ కత్తులు కాదు, ఆట లెక్కచూసే తీరు. ఎంత రక్తం పోయిందన్నది లెక్క కాదు. గుండెనిబ్బరం ఎంత మిగిలిందన్నది లెక్క. దెబ్బ తగిలినకొద్దీ మనిషి ధైర్యం ఒక్కోమెట్టు దిగుతుంది. పూర్తిగా బెదిరిపోయాక ఇంకొక్క దెబ్బ పడితే లొంగిపోతాడు. ఈ లోపల వెనకాల రెండుపక్షాల మనుషులూ కొట్టుకుంటూనే ఉంటారు. కెప్టెన్ జంకితే వాళ్ళూ జంకుతారు. ఇంటిపెద్ద మొహం చూసి ఇల్లంతా భయపడ్డట్టు!

నిజం ఓడదొంగలు ఇలా పోట్లాడేవారు కారుట. జెండా చూపించి బెదిరించి, యుద్ధమే లేకుండా సరుకు దోచుకోడం వాళ్ళకి లాభసాటి బేరం. కెప్టెన్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి పద్ధతిగా కత్తి తిప్పడం సినిమా సొగసు. రఫాయెల్ సబాటినీ 1922లో రాసిన ‘కేప్టెన్ బ్లడ్’ నవలని 1935లో సినిమా తీస్తే, ఎరల్ ఫ్లిన్ అందులో సముద్రపొడ్డున బేసిల్ రాత్‌బోన్‌తో కత్తి దూశాడు. ఓడదొంగ అంటే నవ్వుతూ పోరాడే అందగాడు అని జనం మనసులో ముద్ర వేసింది అలాంటి సినిమాలే. మనకి కాంతారావు, రాజనాల ఎలాగో వాళ్ళకి వీళ్ళు అలాగ. అన్నట్టు, మన జానపద సినిమాల్లో కూడా కత్తులు రెండుసార్లు ఖణేల్మంటే మాటలు నాలుగుసార్లు ఖణేల్మనేవి, జ్ఞాపకం ఉందా?

సరిగ్గా ఈ సంగతే కనిపెట్టాడు రాన్ గిల్బర్ట్ అనే ఆయన. 1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్ళు విడుదల చేసిన ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’కి ఆయన రూపకర్త. టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ అనే ఇద్దరు తోడు. ముగ్గురూ ఎరల్ ఫ్లిన్ సినిమాలు వేసుకుని చూశారుట. హీరో కత్తితో పొడిచే దానికన్నా మాటతో పొడిచేదే ఎక్కువగా కనిపించింది వాళ్ళకి. అయితే మాటలే యుద్ధంగా పెడితే సరిపోలేదూ అనుకున్నారు. తెరమీద కత్తులు కదులుతూనే ఉంటాయి, గెలుపోటములు మాత్రం నోటివి. ఒకడు తిడతాడు. దానికి అతికే జవాబు చెప్తే మనది పైచెయ్యి. నీళ్ళు నమిలితే వెనకడుగు. పాడిరైతు పేరుపెట్టి తిడితే ఆవు పేరుతో తిప్పికొట్టే జవాబొకటి ఉంది, ఆ ఆట ఎరిగినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ తిట్లు రాయడంలో చెయ్యివేసింది ఎవరనుకున్నారు? ఆర్సన్ స్కాట్ కార్డ్ అనే పేరున్న నవలారచయిత! చదివి ఎంత సంతోషించానో. తిట్టడానికి కూడా సాహిత్యం కావాలని ఒప్పుకున్నట్టే కదా.

ఇందులో గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడికి ఓడదొంగ కావాలని కోరిక. మూడు పరీక్షలు నెగ్గాలి. కత్తివిద్య ఒకటి. ఆ ద్వీపంలో కత్తిపట్టిన వాళ్ళందర్నీ మించిన నేర్పరి కార్లా అనే ఆడమనిషి. (నేనూ మా అమ్మాయీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.) ఆవిడ దగ్గరికి తిన్నగా వెళ్ళి లాభంలేదు. ముందు దారిలో ఎదురైన దొంగలందరితోనూ పోట్లాడాలి. వాడు విసిరిన తిట్టు మనకి కొత్తదైతే ఓడిపోతాం, కాని ఆ తిట్టు మన మూటలో పడుతుంది. దాన్ని పట్టుకెళ్ళి ఇంకొకడి మీద విసురుతాం. వాడు చక్కని జవాబు చెప్తే మళ్ళీ మనకే దెబ్బ, కాని ఆ జవాబూ మన సొత్తవుతుంది. మాట పడితేగాని మాట రాదన్నమాట! కోడళ్ళకి ఈ బడి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు మెలిక కార్లా దగ్గరుంది. దారిలో నేర్చుకున్న తిట్లు ఒక్కటీ ఆవిడ వాడదు. అన్నీ కొత్తవే. మన దగ్గరున్నవేమో పాత జవాబులు. వాటిలోంచే ఏది దేనికి అతుకుతుందో అప్పటికప్పుడు పోల్చుకోవాలి. ఒకడి కోసం పుట్టిన జవాబుని ఇంకొకరి మాటకి తొడగాలి. గెలిస్తే ఏమిస్తుందో తెలుసా? నూలు టీషర్టు!

మా రచయితల లోకంలో ‘కాపీ’ అనే మాట కాఫీకన్నా ఎక్కువగా తిరుగుతుంది. నా నవలలకీ ఆ వడ్డన జరిగింది. ఫలానా సినిమాలో తోడికోడళ్ళే వీళ్ళు అన్నారు. అప్పుడు నా దగ్గర లేని మాట కార్లా ఇచ్చింది. విన్న జవాబుని విన్నచోటే వాడితే అది చిలకపలుకు. అదే జవాబు వేరే ప్రశ్నకి నిలబడితే, నిలబెట్టిన వాళ్ళది. గిల్బర్ట్ సినిమాలోంచి తెచ్చుకున్నాడు, మైయర్ ఆటలోని యుద్ధమూ ఆ సినిమాల వాసనదే. ఒకే నూతిలో తోడుకున్నారు, ఒకరు రసం పెట్టారు, ఒకరు పాయసం వండారు.

గిల్బర్ట్ 1992లో ఆ కంపెనీ వదిలేశాడు. 1997లో జొనథన్ ఆక్లీ, లారీ అహర్న్ అనేవాళ్ళు మూడో ఆట ‘ద కర్స్ ఆఫ్ మంకీ ఐలండ్’ చేశారు. ఇందులో రసమూ పాయసమూ ఒకే విస్తట్లో పడ్డాయి. ముందు ఓడ తిప్పుకుంటూ ఫిరంగులు పేల్చాలి, దోచిన సొమ్ముతో ఇంకా పెద్ద ఫిరంగులు కొనుక్కోవాలి. మైయర్ ఆట ఎరిగినవాళ్ళకి ఆ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఓడ ఎక్కాక మళ్ళీ తిట్లపోటీ. పైగా సముద్రం మీద ఇంకో నిబంధన: జవాబు తిట్టుకి అంత్యప్రాసలో కుదరాలి! సమస్యాపూరణం చేసే అవధానిగారిని ఓడెక్కించారు పాపం. 2000లో వచ్చిన నాలుగోదాంట్లో తిట్టుకుంటూ మోచేతులానించి బలాబలాలు చూసుకోడం, కోతుల కుస్తీ పెట్టారు. అది నాకు రుచించలేదు, వదిలేద్దాం.

2004లో సిడ్ మైయర్ తన పాత ‘పైరేట్స్!’ని మళ్ళీ కొత్తగా తయారుచేశాడు. ఈసారి గవర్నరుగారి అమ్మాయితో నాట్యం కూడా పెట్టాడు. కత్తియుద్ధంలో పొడవడానికి, కాచుకోడానికి, ఎగరడానికి, వంగడానికి తలో మీట ఉంది. ఇంకొక మీట కూడా ఉంది: ఎదుటివాణ్ణి వెక్కిరించడానికి. వెక్కిరింత పారితే పోరు మనవైపు మొగ్గుతుంది. పదిహేడేళ్ళనాడు గుండెనిబ్బరం లెక్కపెట్టిన ఆయనే, ఇప్పుడు దాన్ని నోటితో పడగొట్టే వీలు కల్పించాడు. మంకీ ఐలండ్ నుంచి తెచ్చుకున్నాడో, ఆ పాతసినిమాల దగ్గరికే మళ్ళీ వెళ్ళాడో ఆయనకే తెలియాలి. మంకీ ఐలండ్ చూసిన నాకు మాత్రం, అప్పిచ్చిన ఇంటివాళ్ళు వడ్డీ వసూలు చేసుకున్నట్టే ఉంది.

మా అమ్మాయి ఆ వెక్కిరింత మీట మరీ ఎక్కువ వాడుతుంది. అది నొక్కిన క్షణంలో ఎదుటివాడు కత్తి విసిరితే దెబ్బ తప్పదు. చూడలేక, “ముందు కాచుకోవే” అన్నాను.

“ఇన్నాళ్ళూ నువ్వు కాచుకుంటూనే ఉన్నావుగా అమ్మా” అంటూ స్పెయిన్ కెప్టెన్‌ని ఓడ అంచుమీంచి సముద్రంలోకి నెట్టేసింది.