మట్టిని పోషిద్దాం, మనల్ని కాపాడుకుందాం

పదవీ విరమణ తరువాత నా ఉదయాలు పెరటి మొక్కల మధ్యనే గడుస్తున్నాయి. మీరూ ఒక మునగ నాటండి. విత్తనం కంటే కొమ్మతో నాటితే త్వరగా కాపుకు వస్తుంది. మణికట్టంత లావు, 3 అడుగుల పొడవుగల ముదురు కొమ్మను 3 రోజులు నీడలో ఆరనిచ్చి, మూడో వంతు మట్టిలో పాతండి. నీరు నిలిస్తే కొమ్మ కుళ్ళిపోతుంది. పచ్చి పేడ వేళ్ళను దెబ్బతీస్తుంది. మాగిన పశువుల ఎరువునే కలపండి.

వైద్యునిగా ఒక మాట. ఆ ఎరువులోనూ మట్టిలోనూ ధనుర్వాతాన్ని కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. తుప్పు పట్టిన మేకే అక్కరలేదు, చిన్న ముల్లు గుచ్చుకున్నా చాలు. కనుక చేతులకు తొడుగులు ధరించండి. గాయమైతే సబ్బుతో కడగండి. చివరి టీకా వేయించుకొని 5 ఏళ్ళు దాటితే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించి టీడీ టీకా వేయించుకోండి. గాయం లేకున్నా, 10 ఏళ్ళకొకసారి ఆ టీకా అవసరమే.