మెతక రేజరు, కరుకు రేజరు

ఫిబ్రవరి నెలలో గుంటూరులో బస్సెక్కి చిలకలూరిపేట వైపు పోయేవాళ్ళ చేతిసంచుల్లో మామూలుగా పళ్ళో, మందులో, పిల్లల బట్టలో వుంటాయి. ఆ ఆదివారం నా సంచీలో రెండు రేజర్లున్నాయి. ఒకటి మా నాన్నగారిది. వయస్సులో నాకంటె పెద్దది. కిందటివారం ఆయన నిద్రపోతుండగా అడక్కుండా తెచ్చుకున్నాను. రెండోది పట్నంబజారులో కొన్నది. ఈ రెంటిలో యేది నాన్నగారి మొహాన పెట్టాలో తేలక, కిటికీ పక్కన కూర్చుని సతమతమవుతున్నాను.

సంగతి యిది. దీపావళి వెళ్ళిన నాలుగో రోజున నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ స్వాధీనం తప్పాయి. మాట ముద్దగా వస్తుంది. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పిన మనిషి. మాసిన గడ్డంతో ఆయన్ని నేను పుట్టి బుద్ధెరిగిన తరువాత చూడలేదు. తెల్లవారి పాలవాడు రాకముందే గడ్డం గీసుకోవడం అయిపోయేది. అలాంటిది, ఆస్పత్రినించి యింటికి వచ్చాక ఆయన మొట్టమొదట అడిగింది అన్నం కాదు, అద్దం.

ఎడంచేత్తో ఆయన గీసుకోలేరు. అమ్మకు చేతులు వణుకుతాయి. నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు యిస్తున్నాం గనుక గాటు పడితే ఓ పట్టాన ఆగదనీ, కరెంటు మిషను కొనమనీ డాక్టరు చెప్పాడు. కొన్నాను. నేను వెళ్ళేది ఆదివారాలు. వారం రోజుల నెరిసిన గడ్డం ఆ మిషనుకు లొంగలేదు. వెంట్రుకను కొయ్యకుండా పట్టుకుని పీకింది. నాన్నగారు మొహం తిప్పేసుకుని, "నా రేజరు తియ్యరా" అన్నారు.

ఆయన రేజరు సంగతి నాకు తెలుసు. ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో ఓసారి దొంగతనంగా వాడి, గడ్డం కింద అంగుళం మేర తోలు లేపుకున్నాను. అంచుకు కడ్డీ బదులు దువ్వెన పళ్ళలాగా పళ్ళుంటాయి దానికి. చెంపమీద ఆనిస్తే చాలు, బ్లేడు వుందని చర్మానికి తెలిసిపోతుంది. దాన్ని డెబ్భయ్యెనిమిదేళ్ళ వదులు చర్మం మీద పెట్టడమా?

అందుకే పట్నంబజారు వెళ్ళాను. అక్కడ ఓ పాత దుకాణంలో యిప్పటికీ గాజుబీరువాలో రేజర్లు అమ్ముతున్నారు. దుకాణం పెద్దాయన నా మొహం పరీక్షగా చూసి, "మాస్టారూ, కరుకుదా, మెతకదా?" అన్నాడు. రేజర్లకు కూడా ప్రకృతులుంటాయని నాకప్పుడే తెలిసింది. మెతకది కావాలన్నాను. ధర చెప్పాడు. బేరమాడకుండా యిచ్చి బయటికి వచ్చాక, పక్క కొట్లో అదే రేజరు నూటయాభై తక్కువకు వున్నది. సంస్కృతంలో క్షురమంటే కత్తి. ఆ మాటకు చుట్టమైన క్షవరం తెలుగులో డబ్బు పోగొట్టుకోవడానికి కూడా పేరయింది. క్షవరమైతేగాని వివరం తెలియదని పెద్దలు వూరికే అనలేదు.

కిందికి విరుచుకున్న ఈ బిళ్ళలో అంత విద్య యేముందని మీరడగవచ్చు. పైన ఓ రేకు, కింద ఓ రేకు, నడుమ బ్లేడు, పట్టుకోవడానికి ఓ పిడి. సీసామూతల కంపెనీ తరఫున వూళ్ళు తిరిగిన కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికా అమ్మకందారుడికి, వాడి పారేసే పల్చటి బ్లేడు ఆలోచన వచ్చింది. పల్చటి వుక్కును పదును నిలిచేట్టు చెయ్యడం మాత్రం నికర్సన్ అనే యింజనీరు చేతిమీదుగా జరిగింది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి సంవత్సరం రేజర్లు 90 వేలు దాటాయి. పేటెంటు కూడా ఆ 1904లోనే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో 1918లో అమెరికా ప్రభుత్వం తన సిపాయిలకోసం 35 లక్షల రేజర్లు తీసుకున్నది. యుద్ధంనించి తిరిగి వచ్చినవాళ్ళు ఆ అలవాటును యిళ్ళకు తెచ్చుకున్నారు. మొదటి రోజుల రేజర్లకు మా నాన్నగారి దానిలాగే పళ్ళుండేవి. తరువాత తరువాత పళ్ళ స్థానే నున్నటి కడ్డీ వచ్చింది. 1958లో అదే కంపెనీ, మెడ దగ్గర మర తిప్పితే 1 నించి 9 దాకా మెతకతనం కరుకుగా మారే రేజరు తీసింది. ఒకే రేజరులో తొమ్మిది స్వభావాలన్నమాట!

ఏ రేజరు యెంత గీరిందో తేల్చే పరీక్ష ఒకటి మా గుంటూరులో వున్నది, యింకే దేశంలోనూ లేదు. గడ్డం గీసుకుని తిన్నగా మిర్చియార్డులోకి వెళ్ళడమే. ఇది నేను బుద్ధిపూర్వకంగా కనిపెట్టింది కాదు. మా పెద్దమ్మ కొడుక్కి అక్కడ కమీషన్ కొట్టు వుంది. ఓ రోజు మెతక రేజరుతో గీసుకుని ఆయన దగ్గరికి పనిమీద వెళ్ళాను. చుట్టుగుంట దగ్గరే తుమ్ములు మొదలయ్యాయి. అది యెవరికైనా తప్పదు. బస్తాల మధ్య అరగంట నిలుచున్నా మొహానికి మాత్రం యే బాధా లేదు. మర్నాడు నాన్నగారి దానితో గీసుకుని మళ్ళీ వెళ్ళాను. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో, బుగ్గలమీద యెవరో నిప్పుకణికలు రాసినట్టయింది. నీళ్ళకోసం పరుగెత్తబోతుంటే అన్నయ్య ఆపాడు. మిరపకారం నీళ్ళలో కరగదు, కడిగితే పాకుతుంది. నూనె పట్టించి తుడిచాడు, పైన మజ్జిగ రాయించాడు. కంటికి కనపడని గీతలు పడి పైపొర లేచిపోతే, కారం తిన్నగా లోపలి నరానికే తగులుతుంది.

"తమ్ముడూ, నిన్నటిది బాడిగ, ఇవాళ్టిది తేజ" అని అన్నయ్య తీర్పు చెప్పాడు. బాడిగ మిరప రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. తేజ గురించి గుంటూరువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఈ లెక్కన నాన్నగారికి బాడిగే శరణ్యమని అప్పటికి నిశ్చయమైపోయింది.

బస్సు యడ్లపాడు దాటుతోంది. కుడివైపు కొండవీటి కొండలు ఎండలో మసకగా వున్నాయి. కొండ కింద నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు ముగింపుకొచ్చాయి. మోడులమీద అక్కడక్కడా తెల్లటి పింజలు మిగిలివున్నాయి. ఇంకొంచెం దూరం పోతే కల్లాల్లో మిరపకాయలు, నేలమీద యెర్ర తివాచీలు పరిచినట్టు. తలలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు వాటి మధ్య కూర్చుని తాలుకాయలు వేరుచేస్తున్నారు.

చిలకలూరిపేటలో బస్సు మారాలి. గంట వ్యవధి వుంది. బస్టాండుకు కొద్ది దూరంలో జిన్నింగు మిల్లులో నాన్నగారి పాత శిష్యుడొకాయన ఫిట్టరు. ఎప్పుడు వెళ్ళినా టీ తాగనిదే వదలడు. మాటల్లో రేజర్ల సంగతి చెప్పాను. చూపించమన్నాడు. రెంటినీ వెలుతురుకు యెత్తి పట్టుకుని, "బాబుగారూ, యిది మా జిన్ను సంగతేనండీ" అన్నాడు.

తీసుకెళ్ళి చూపించాడు. తోలురోలరు దూదిని పట్టి లాగుతుంది. రోలరుకు ఆని వున్న కత్తి గింజను ఆపుతుంది. ఇంకొక కత్తి పైకీ కిందికీ ఆడుతూ ఆ గింజను తోసేస్తుంది. అమరిక యెక్కువైతే గింజ పగిలి పింజ తెగుతుంది. తక్కువైతే గింజకు దూది మిగిలిపోతుంది. సాయంత్రం దాకా తిప్పినా సరుకు రాదు. అంతా వెంట్రుకవాసి లెక్క. ఆయన జేబులోంచి సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట తీశాడు. నా కొత్త రేజరులో బ్లేడు అంచుకూ కడ్డీకీ మధ్య అర మిల్లీమీటరు రేకు బిగువుగా దూరింది. నాన్నగారి దాంట్లో ముప్పాతిక మిల్లీమీటరు రేకు సునాయాసంగా పోయింది. పైగా బ్లేడు అంచు పై రేకుకూ పళ్ళకూ నడుమ గీసిన గీతను దాటి రవ్వంత బయటికి వున్నది. సందు ఒకటే కాదు, అంచు యెంత బయటికి చూస్తున్నదన్నది కూడా కరుకుతనమేనని ఆయన వివరించాడు. వచ్చేటప్పుడు మాత్రం ఓ మాట అన్నాడు: "మెతగ్గా బిగించిన జిన్ను దగ్గర కొత్త కుర్రాడు యేం చేస్తాడో తెలుసాండీ? దూది రావడంలేదని లోపలికి తోస్తాడు." నేను నవ్వి బస్సెక్కాను.

మా వూరు పర్చూరు దారిలో. నాన్నగారు పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది. 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లాలో కలిసింది. ఇల్లు మారకుండా మూడు జిల్లాల్లో కాపరం చేశానని ఆయన చెప్పుకునేవారు.

ఇంటికి వెళ్ళేసరికి వసారాలో వాలుకుర్చీలో కూర్చుని వున్నారు. అమ్మ వేణ్ణీళ్ళు కాచింది. తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి గడ్డంమీద కప్పి వుంచాను. అది ఆయన రోజూ చేసే పద్ధతే. సబ్బు నురుగు పట్టించి మెతక రేజరు తీశాను. ఆయన దాన్ని చూశారు, యేమీ అనలేదు.

ఎడమ చెంప కొంత వరకు బాగానే సాగింది. తరువాత రేజరు మొరాయించింది. వారం గడ్డాన్ని కడ్డీ ముందుగా పడుకోబెడుతోంది. బ్లేడు పైనుంచి జారిపోతోంది. ఆ సన్నటి సందులో నురుగూ వెంట్రుకలూ ఇరుక్కున్నాయి. కడిగాను. మళ్ళీ గీశాను. అక్కడే మూడోసారి. నాలుగోసారి. చెయ్యి నాకు తెలియకుండానే ఒత్తుతోంది. కుడివైపుకు వచ్చేసరికి మెడ కందిపోయింది. దవడ కింద ఓ నెత్తుటిబొట్టు లేచింది. పటిక తడిపి ఆనించి పట్టుకున్నాను. అది ఆగేదాకా అయిదు నిమిషాలు నాకు ఊపిరాడలేదు. వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడివుంది.

"సంచీలో... రెండోది" అన్నారు నాన్నగారు. నేను పట్టుకెళ్ళిన సంగతి ఆయనకు తెలుసునన్న మాట.

కొత్త బ్లేడు వేశాను. ఆయన ఎడంచెయ్యి చాచి నా వేళ్ళను పిడి చివరికి జరిపారు. గట్టిగా పట్టుకోకూడదు. తరువాత అదే చేత్తో తన కుడి చెంప చర్మాన్ని చెవివైపుకు లాగి పట్టుకున్నారు. ఆ చెంప తనంతట తాను బిగుసుకోదు గదా. రేజరును ఆనించి బరువు దానికే వదిలేశాను. గరగరమని చప్పుడైంది. పళ్ళ సందుల్లోంచి నురుగూ వెంట్రుకలూ కలిసి వెళ్ళిపోయాయి. వెనకాల నున్నటి దారి. కందినచోటు వదిలేసి, మిగతా మెడా గడ్డమూ వెంట్రుక పోకను బట్టి ఒక్కొక్క గీతతో పూర్తిచేశాను. ఆ గరగర వినపడినప్పుడల్లా చెయ్యి అదే తేలికైంది. బ్లేడు అక్కడ వుందన్న భయం నిమిషం కూడా వదల్లేదు. ఒక్క గాటు పడలేదు.

మెతకదాన్ని నేనే వుంచుకున్నాను. రోజూ గీసుకునే నాబోటివాడికి అది చాలు. మిర్చియార్డుకు కూడా పనికొస్తుంది. నాన్నగారిది ఆయన పెట్టెలోకి వెళ్ళిపోయింది.

అమ్మ అద్దం తెచ్చింది. నాన్నగారు ఎడంచేత్తో పట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. బడిలో కాపీపుస్తకాలు దిద్దేటప్పటి చూపు అది.

"మీసం సమంగా లేదు. కుడివైపు దిగింది" అన్నారు.

మీసం సమంగానే వుంది. దిగింది పెదవి. నేను అమ్మవైపు చూశాను. ఆమె గిన్నెలోని నీళ్ళవైపు చూస్తోంది. బల్లమీది చిన్న కత్తెర తీసుకుని, కుడివైపు కొసను రెండు వెంట్రుకల మేర కత్తిరించాను.

"ఇప్పుడు?" అన్నాను.

అద్దం కొద్దిగా వంచి చూసుకున్నారు. "ఊఁ" అన్నారు.